ఎనిమిది టోపీలు

అచ్చుల మేస్త్రీ మీద ఆయన భార్యకున్న ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టాలంటే ఒక పూట చాలదు గనుక ఒక్కదానితో సరిపెట్టుకుందాం. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన ఒక్క సీసాకీ సరిగ్గా మూత పెట్టిన పాపాన పోలేదు. పనిచేసేదేమో డబ్బా మూతలు తయారుచేసే షెడ్డులో. అక్కడ మూత అంచు వెంట్రుకవాసి పక్కకి పోతే తిండీ తిప్పలూ మానేసి అచ్చు ముందు గొంతుక్కూర్చునే మనిషి, ఇంట్లో నూనె సీసా మూతని తాగుబోతు తలపాగాలా ఓ పక్కకి వాల్చి వదిలేస్తాడు. "ఎవరు తీశారిది?" అంటే "నేను కాదు" అంటాడు. కూతురు చదువుకోసం హాస్టల్లో ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరే.

"అయితే నిద్దట్లో లేచి నేనే తీసుంటాను లెండి" అని ఆవిడ మూత బిగించేది. ఇంకో మాట రెట్టించిందంటే ఆయన చేతిలో ఉన్న పళ్ళెం గోడకి ఎగిరేది. వంటింటి గోడ మీద అలాంటి గాట్లు ఐదున్నాయి. అలా ఎగిరిన పళ్ళేల్లో ఒకదానికి అంచున పడ్డ సొట్ట, పట్టుకున్నప్పుడు బొటనవేలు ఆనించుకోడానికి సరిగ్గా కుదిరింది. ఆవిడ దానికీ ఒక ఫొటో తీసుకుంది.

ఆవిడ పిచ్చి అది. బాగా కుదిరిన వస్తువు కంటపడితే ఫోను బయటికి తీస్తుంది. చుక్క కూడా వెనక్కి కారని పాలగిన్నె మూతి. వానపడ్డ ఐదు నిమిషాలకే ఆరిపోయేలా పలకల మధ్య సందులు వదిలిన బస్టాపు బెంచీ. చీకట్లో తడిమినా తలకిందులుగా దూరని తాళంచెవి. బట్టల దుకాణంలో గుమాస్తా వేళ్ళు నొప్పెట్టకుండా పెద్ద ఉంగరం పెట్టిన కత్తెర. చుట్టాలందరూ పెళ్ళి ఫొటోలు పంపుకుంటుంటే ఆవిడ గొళ్ళేల ఫొటోలు పంపేది. "అక్కా, నిన్న నువ్వు పంపిన బకెట్ పిడి చూసి మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు" అని చెల్లెలు వెక్కిరించేది. వీధిలో ఫొటోలమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. ఎవరో మహానుభావుడు మన చెయ్యి ఎటు వెళ్తుందో ముందే ఆలోచించి పెట్టాడే అని ఆవిడ ముచ్చట. ఇంట్లో ఆవిడ చెయ్యి ఎటు వెళ్తుందో ఆలోచించినవాళ్ళు లేరు మరి.

ఆ సోమవారం మేస్త్రీ కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళాడు. కళ్ళజోడు లేకపోతే ఆయన షెడ్డులో గుడ్డివాడితో సమానం, ఇంటికొస్తే పిచ్చివాడితో సమానం. ఆవిడ దాన్ని పట్టుకుని బయల్దేరింది.

షెడ్డు గేటు దగ్గరికి వచ్చేసరికే కాళ్ళకింద నేల అదురుతోంది. లోపల ఎనిమిది ప్రెస్సులు రెండు వరుసల్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆవిడకి రెండింతల ఎత్తు. పై దిమ్మ వచ్చి కింది దిమ్మ మీద పడినప్పుడల్లా ఆవిడ పళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. ధన్. రేకు మూత అవుతుంది. ధన్. ఇంకో మూత. ఎవరో ఎవరినో గుండెల మీద గుద్ది గుద్ది చంపుతున్నట్టుంది గానీ, అక్కడున్నవాళ్ళ ముఖాల్లో కూరగాయలు తరుగుతున్నంత నిమ్మళం.

ఆరో ప్రెస్సు దగ్గర గడియారం కూర్చుని ఉంది. ఆ పేరు షెడ్డువాళ్ళు పెట్టింది. నలభై దాటిన మనిషి. నిమిషానికి పద్నాలుగు మూతలు తీస్తుంది. పదమూడు కాదు, పదిహేను కాదు. మేస్త్రీని అన్నా అంటుంది కనుక ఆవిడని వదినా అంటుంది.

"ఏం వదినా, ఇవాళ మా గొళ్ళేలకేమైనా అదృష్టం పట్టిందా?"

"మీ అన్నకి కళ్ళు తెచ్చాను. ఎక్కడున్నాడు?"

"వెనక అచ్చుల గదిలో. ఎవర్నో తిడుతున్నాడు, వినిపించట్లేదా?"

"ఈ మోతలోనా?"

"మోత ఆగితే వినిపిస్తాడు. అందుకే మేం ఆపం" అంది గడియారం. రేకు ముక్క అచ్చులో పెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసుకుని, అటొకటీ ఇటొకటీ మూరెడు దూరంలో ఉన్న రెండు ఆకుపచ్చ బటన్లని ఒక్కసారే నొక్కింది. ధన్.

ఆవిడకి ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే దిమ్మ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే దిమ్మ కింద చెయ్యి ఎలా ఉంటుంది? ఇంత రాక్షసి యంత్రానికి ఎవరో ఎంత మెత్తగా ముక్కుతాడు వేశారో! ఆవిడ ఫోను తీసింది. అప్పుడే పక్కన మేకుకి వేలాడుతున్న చిన్న వస్తువొకటి మెరిసింది.

రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది. తళతళలాడే ఉక్కు రేకు టోపీ. అంచు ఎంత నున్నగా తిరిగిందంటే వేలు పెడితే జారిపోతోంది. ఒక పక్కన గోటితో ఎత్తడానికి చిన్న పెదవి. లోపల నడిమధ్యన పెసరగింజంత బొడిపె.

"ఇదేంటి?"

"టోపీ. అన్న చేశాడు. బటన్ మీద పెట్టుకోడానికి." గడియారం మిగతా ప్రెస్సుల వైపు గడ్డం ఊపింది. అన్నింటికీ ఎడం బటన్ మీద అవే టోపీలు మెరుస్తున్నాయి.

"మీ అన్న చేశాడా? మా ఇంట్లో ఉండే మీ అన్నే?" ఆవిడ దాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టి ఒక ఫొటో తీసింది. తర్వాత, అన్ని మంచి వస్తువులూ తమ చోట ఉన్నప్పుడే అందంగా ఉంటాయి గనుక, "ఏదీ, ఒక్కసారి దాని స్థానంలో పెట్టవూ. ఫొటో బాగొస్తుంది" అంది.

గడియారం ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఎడంచేత్తో టోపీని బటన్ మీద పెట్టి నొక్కింది. టిక్కుమని కూర్చుంది. నాలుగు వేళ్ళూ, వాటికింద టోపీ, బొమ్మలో చక్కగా పడ్డాయి.

ఆ సాయంత్రం ఆవిడ భర్తకి కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఇవాళ మీరు చేసిన టోపీ చూశాను. నేను తీసిన ఫొటోలన్నింట్లోకీ అదే గొప్పది. ఆ పెదవి పెట్టాలని ఎలా తోచిందండీ మీకు?"

పంతొమ్మిదేళ్లలో ఆయన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మేస్త్రీకి పొలమారింది. నీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, "ఊరికే… బటన్లో దుమ్ము పడకుండా" అన్నాడు.

ఆ రాత్రి నూనె సీసా మూత ఆయనే పెట్టాడు. వంకరగానే పెట్టాడనుకోండి.

బుధవారం మిట్టమధ్యాహ్నం మేస్త్రీ ఇంటికి వచ్చాడు. ఆ వేళప్పుడు ఆయన ఇంటికి రావడం ఎన్నడూ లేదు. తలుపు తీయగానే ముందు ఆయన చేతులు కనిపించాయి. మోచేతుల దాకా ఎండిపోతున్న నెత్తురు. చొక్కా ముందరి భాగమంతా పొట్టకి అంటుకుపోయి ఉంది.

"నాది కాదు" అన్నాడు.

తిన్నగా పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి తిప్పాడు. కుళాయి పట్టేసింది. రెండోసారి తిప్పాడు. మూడోసారి పక్కనున్న రాయి తీసి కుళాయి మెడ మీద కొట్టాడు. అది విరిగి నీళ్ళు చిమ్మాయి. ఆ నీళ్ళ కింద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. గోళ్ళ సందుల్లోంచి ఎర్రటి నీళ్ళు మోకాళ్ళ మీదికి కారుతున్నాయి.

ఆవిడ ఆయన నోట్లోంచి ఒక్కొక్క మాటా లాగింది. గడియారం. ఎడంచెయ్యి. రేకు వంకరగా పడిందని సర్దబోయింది. కుడిచెయ్యి అలవాటు ప్రకారం బటన్ నొక్కేసింది. దిమ్మ దిగింది. దిగింది దిగినట్టే ఉండిపోయింది. కరెంటు తీసేశారు గానీ దిమ్మ పైకి లేవాలంటే చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పాలి. మేస్త్రీ గునపం దూర్చి, ఇద్దరు మనుషుల్ని గునపం మీద కూర్చోబెట్టి తిప్పాడు. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ గడియారం స్పృహలోనే ఉంది.

"అరిచిందా?"

"మొదట అరిచింది. తర్వాత మమ్మల్ని తిట్టింది. తర్వాత 'అన్నా, తొందరగా కానియ్యి, నాకు సిగ్గుగా ఉంది' అంది. ఒంటేలుకి పోయింది పాపం, అక్కడే." మేస్త్రీ ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. "నాలుగు వేళ్ళు. చెయ్యి పైకొచ్చేసరికి ఇంక వేళ్ళు అనడానికేం లేదు. రేకులా అయిపోయాయి."

"రెండు బటన్లు ఉన్నాయి కదండీ. చెయ్యి లోపల ఉంటే దిమ్మ ఎలా దిగింది?"

"ఎడం బటన్‌కి గుడ్డ కట్టుకుందట" అన్నాడు మేస్త్రీ, కుళాయి వైపే చూస్తూ. "తొందర. మూతలెక్కువ తియ్యాలని. ఇలాంటివాళ్ళకి ఎంత చెప్పినా అంతే."

ఆయన తడిబట్టలతోనే మళ్ళీ షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆవిడ కాసేపు విరిగిన కుళాయికి చింకి గుడ్డ చుట్టడానికి తంటాలు పడింది. గుడ్డ నిలవలేదు. బటన్‌కి మాత్రం నిలిచిందట. ఆవిడ చేతులు తుడుచుకుని ఫోను తీసి సోమవారం నాటి ఫొటో చూసింది. అరచేతిలో వెల్లకిలా పడుకున్న టోపీ. నున్నటి అంచు. పెదవి. లోపల పెసరగింజంత బొడిపె.

దుమ్ము ఆపే మూతకి లోపల బొడిపె ఎందుకు?

ఆవిడకి వస్తువుల భాష వచ్చు. ఏ వంపూ ఊరికే ఉండదు, ఏ బొడిపెనీ షోకుకి పెట్టరు. అది బటన్‌ని కిందికి నొక్కిపట్టి ఉంచడానికే. అప్పుడు ఒక్క చేత్తో బటన్ నొక్కితే చాలు, రెండో చెయ్యి రేకులు పెట్టడానికి ఖాళీ. పెదవి, తనిఖీకి ఎవరైనా వస్తే గోటితో ఒక్కసారి ఎత్తి జేబులో వేసుకోడానికి. రాక్షసికి ఎవరో వేసిన ముక్కుతాడుని ఇంత అందంగా కోసేశాడు ఆవిడ మొగుడు. ఇంత అందంగా ఉందని ఆవిడ ఫొటో తీసుకుంది.



గురువారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళింది. గడియారం ఎడంచెయ్యి దిండుమీద గుడ్డలో చుట్టిన కొబ్బరికాయంత ఉంది. పెదవులు పళ్ళతో కొరుక్కుని పుండు చేసుకుంది.

"రా వదినా. గడియారానికి ఇంక ఒక ముల్లే మిగిలింది. బొటనవేలు వదిలేశారు."

ఆవిడకి నవ్వు రాలేదు. ఏడవడానికీ తనకి హక్కులేదని తెలిసింది గనుక స్టూలు మీద కూర్చుంది.

"ఓనరు మనిషి వచ్చాడు" అంది గడియారం. "నేను గుడ్డ కట్టుకున్నానట. శనివారం తనిఖీ మేడం వచ్చి రాసుకుంటుందట. తప్పు నాదని రాస్తే నాకు వైద్యం ఖర్చూ ఇవ్వరు, పనీ ఇవ్వరు. ఎక్కడా ఇవ్వరు. తన చెయ్యి తనే నరుక్కున్నదాన్ని ఎవరు పెట్టుకుంటారు?" గొంతు తడి చేసుకుంది. "గుడ్డ ఎక్కడిది వదినా? నేను టోపీ పెట్టుకున్నా కదా."

"సోమవారం మేకుకి ఉంది కదమ్మా అది."

"రెండు నెలల్నుంచీ మేకుకే ఉంది. నాకది గుబులు. అన్న రోజూ తిట్టేవాడు. అందరూ నిమిషానికి ఇరవై తీస్తుంటే నీకేం రోగం, టోపీ పెట్టుకో అని. నేను పెట్టలేదు. సోమవారం నువ్వు ఫొటోకి పెట్టమన్నావుగా. నువ్వు కళ్ళజోడిచ్చి వెళ్ళాక అన్న అటుగా వస్తూ చూసి, 'హమ్మయ్య, ఇప్పటికి దార్లో పడ్డావే' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ తీస్తే ఏం బాగుంటుంది?" ఆమె కళ్ళు మూసుకుంది. "చదువుకున్నదానివి నువ్వే బాగుందన్నావు. నాదే పిరికితనం అనుకున్నా."

ఆవిడ నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. "మంచినీళ్ళు కావాలా?" అంది.

ఆ సాయంకాలం గడియారం తమ్ముడు వచ్చాడు. లారీలకి బస్తాలెత్తే మనిషి. వెంట ఇంకో ఇద్దరు. మేస్త్రీ అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

"మా అక్క గుడ్డ కట్టిందని సంతకం పెట్టావా?"

"చూడు తమ్ముడూ, కూర్చుని మాట్లాడు…"

"పెట్టావా లేదా?"

"ఓనరు పెట్టమన్నాడు, పెట్టాను."

మొదటి దెబ్బ నోటిమీద పడింది. మేస్త్రీ గుమ్మానికి కొట్టుకుని కింద పడ్డాడు. మిగతా ఇద్దరూ కాళ్ళతో మొదలుపెట్టారు. వాళ్ళు తన్నడం కూడా పనిలాగే చేశారు, మాట్లాడుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు. డొక్కలో తగిలిన ప్రతి తన్నుకీ మేస్త్రీ నోట్లోంచి ఒకే రకం చప్పుడు వచ్చింది. తమ్ముడు ఆయన కుడిచెయ్యి గడప మీద పరిచి మడమ పైకెత్తాడు. "ఈ చేత్తోనేనా సంతకం?"

ఆవిడ వంటింట్లోంచి ఇనప మూకుడుతో వచ్చింది. దాని పొడుగు పిడికి ఆవిడ ఎప్పుడో ఫొటో తీసింది. చివర్న కాస్త లావు, మధ్యలో సన్నం, ఎంత బరువెత్తినా మణికట్టు నొప్పెట్టదు. నిజంగానే నొప్పెట్టలేదు. తమ్ముడి తలమీద అది పడిన చప్పుడికి వీధిలో కుక్కలు లేచాయి. అతను మోకాళ్ళమీద కూలబడ్డాడు. చెవి పైనుంచి నెత్తురు చొక్కా కాలరు లోపలికి దిగింది. ఆవిడ మళ్ళీ ఎత్తింది. ఎత్తి, ఇంకో దెబ్బ వెయ్యాలని ఎంతగా ఉందో తెలిసి, భయపడి ఆగిపోయింది. మంచి వస్తువుకి ఉన్న గుణమే అది. ఎవరి చేతిలోనైనా, ఎందుకోసమైనా ఒదిగిపోతుంది.

"నా అక్క చెయ్యి పోయిందమ్మా" అన్నాడతను కిందనుంచి, చిన్నపిల్లాడిలా. "నీ మొగుడి చెయ్యి మాత్రం నీకు ముద్దొచ్చింది."

ఆ ఇద్దరూ అతన్ని లేపుకుని వెళ్ళిపోయారు. మూకుడు కడగాలంటే కుళాయి లేదు.

మేస్త్రీ శుక్రవారమంతా మంచంమీదే ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. కింది పెదవికి మూడు కుట్లు. ఆవిడ చెంచాతో గంజి పడుతూ, "గుడ్డ ఎవరు కట్టారు?" అంది.

మేస్త్రీ చెంచా పక్కకి నెట్టాడు.

"టోపీలేవి?"

"ఏ టోపీలు?"

"ఎనిమిది ప్రెస్సులకి ఎనిమిది. నా దగ్గర ఫొటో ఉంది. రేపు తనిఖీ మేడానికి చూపిస్తాను."

ఒంటికన్ను ఆవిడ వైపు తిరిగింది. అంత దెబ్బతిన్న మనిషికి అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. గంజిగిన్నె ఎగిరిపడింది. ఆవిడ మణికట్టు ఆయన పిడికిట్లో ఉంది. ఇనుమునే వంచే చెయ్యి అది. మెలితిప్పాడు. లోపల ఏదో కలుక్కుమంది. ఫోను జారి కిందపడగానే మడమతో తొక్కాడు. ఒకసారి, రెండుసార్లు. అద్దం సాలెగూడులా చిట్లింది.

"నన్ను జైల్లో పెట్టిస్తావా? ఆ? సొంత మొగుడ్ని?"

"పెట్టించను" అంది ఆవిడ, వాస్తున్న మణికట్టుని పొట్టకి ఆనించుకుని. "ఓనరు చేయించాడని చెప్తాను. ఫొటో ఉంటే మీరు మాట్లాడక్కర్లేదు. మీచేత నిజం చెప్పించడం నావల్ల కాదని నాకు తెలుసు. ఆ పని ఫొటో చేస్తుంది."

మేస్త్రీ మంచంమీద కూలబడి గోడవైపు తిరిగాడు. ఆవిడ ఫోను తీసి చూసింది. చిట్లిన అద్దం కింద వెలుగు ఇంకా ఉంది. ఎవరు తయారుచేశారో గానీ గట్టిగానే చేశారు.

శనివారం షెడ్డు ఆఫీసు గదిలో టేబులుకి అటువైపు తనిఖీ అధికారి కూర్చుంది. జలుబుతో ముక్కు ఎర్రబడ్డ పెద్దావిడ. ముందు మేస్త్రీ సంతకం పెట్టిన కాగితం, ప్లాస్టిక్ కవర్లో నూనె మరకల గుడ్డపేలిక. పక్కన ఓనరు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. గడియారం డాక్టరు వద్దన్నా వినకుండా వచ్చింది. వెనకాల తలకి కట్టుతో తమ్ముడు. మేస్త్రీ గోడవారగా బల్లమీద కూర్చున్నాడు. తమ్ముడి కట్టూ ఆయన కుట్లూ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

"ఈ గుడ్డ మీరు కట్టారా?" అంది అధికారి.

"లేదు మేడం. టోపీ పెట్టాను."

"ఏం టోపీ?"

"మా షెడ్డులో అలాంటివేం లేవు మేడం" అన్నాడు ఓనరు. "పాపం, మందుల మత్తులో ఉంది."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ లోపలికి వచ్చి, ఎడంచేత్తో ఫోను టేబులు మీద పెట్టింది. కుడిచెయ్యి వాచిపోయి పైకి లేవడం లేదు. "ఇవున్నాయి" అంది.

అధికారి కళ్ళజోడు సర్దుకుని చిట్లిన అద్దం కిందికి చూసింది. మొదటిది వెల్లకిలా ఉన్న టోపీ. రెండోది ఆకుపచ్చ బటన్, దానిమీద టోపీ, టోపీని నొక్కుతున్న నాలుగు వేళ్ళు. గడియారం తల ముందుకి వంచి ఆ వేళ్ళవైపు చూసింది. చూపుడువేలికి పాత కాలిన మచ్చ ఉంది. 

మొదట మాట్లాడింది ఓనరు. "చాలా మంచిపని చేశారమ్మా. చూశారా మేడం? చెయ్యి ఎవరిది? ఆమెదే. ఆ మచ్చ చూడండి. గుడ్డకి ముందు ఈ ఎత్తు వేసిందన్నమాట. ఎక్కడో తుక్కు రేకు ఏరుకొచ్చి, కటింగ్ ప్లేయరుతో వంచుకుని, తన చేత్తో తనే పెట్టుకుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

అధికారి పెన్ను కాగితం మీద కదిలింది.

ఆవిడకి కాళ్ళకింద ప్రెస్సు పడినట్టయింది. "పెట్టమన్నది నేనండీ! అది మేకుకి ఉంది. ఫొటో బాగొస్తుందని నేనే పెట్టమన్నాను."

"బలవంతంగా పెట్టించారా?"

"…లేదు."

"ఫొటో ఏ రోజు తీశారు?"

"సోమవారం."

"ప్రమాదం బుధవారం జరిగింది. మధ్యలో రెండురోజులూ మీరే పెట్టించారా?"

ఆవిడ దగ్గర అన్నిటికీ ఫొటో ఉంది గానీ, ఆ రెండు రోజులకీ లేదు. పెన్ను మళ్ళీ కదిలింది. గడియారం తన చేతికట్టుని ఒళ్ళోకి తీసుకుని పసిబిడ్డలా పట్టుకుంది.

"కటింగ్ ప్లేయరుతోనా?"

గోడవారనుంచి వచ్చింది ఆ మాట. కుట్లు వేసిన పెదవితో ముద్దముద్దగా వచ్చింది.

"ఏంటి మేస్త్రీ?" అన్నాడు ఓనరు.

"కటింగ్ ప్లేయరుతో వంచితే ఇలా వస్తుందా సార్?"

"అదిప్పుడు ముఖ్యం కాదులే."

మేస్త్రీ డొక్క పట్టుకుని లేచాడు. టేబులు దగ్గరికి వచ్చి, మొద్దు వేలితో ఫొటోని పెద్దది చేశాడు. "ఈ అంచు చూడండి మేడం. మడతలో ఎక్కడైనా గీత ఉందా? ప్లేయరుతో వంచితే పళ్ళ గాట్లు పడతాయి. రేకు చిట్లుతుంది. దీనికి అచ్చు కావాలి. ఈ లోపలి బొడిపె ఉంది చూశారూ, ఇది రెండు మిల్లీమీటర్లు. ఒకటిన్నర అయితే బటన్ దిగదు. రెండున్నర అయితే బటన్ పగులుతుంది. మూడు అచ్చులు పారేశాను నేను ఈ రెండు మిల్లీమీటర్లు కుదిరేదాకా. తుక్కు రేకంట. ప్లేయరంట!"

ఆ ఆఖరి మాటతో ఆయనకి తనేం అన్నాడో తనకే వినిపించింది. వేలు ఫోను మీదే ఆగిపోయింది. దానికింద ఆ నాలుగు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

"మేస్త్రీ, కూర్చో" అన్నాడు ఓనరు. గొంతులో మెత్తదనం పోయింది.

అధికారి పెన్ను కిందపెట్టింది. "అంటే ఇది మీరు చేశారా?"

"ఎనిమిది చేశాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

మేస్త్రీ ఓనరు వైపు చూశాడు. "ఈయన చెయ్యమన్నాడు. ప్రమాదం రోజు సాయంత్రం మిగతా ఏడు టోపీల్నీ ఈయన పట్టుకెళ్ళాడు. ఎనిమిదోది గునపం కింద పడి ముద్దయిపోయింది."

"గుడ్డ?"

మేస్త్రీ ఫోను మీంచి వేలు తీశాడు. ఆయన అధికారికి చెప్పలేదు. ఓనరుకీ చెప్పలేదు. భార్యవైపైతే చూడనే లేదు. గడియారం కూర్చున్న కుర్చీ వైపు తిరిగి, కుట్లు పిగిలి గడ్డం మీదికి నెత్తురు దిగుతున్నా తుడుచుకోకుండా నిలబడ్డాడు.

"నిన్ను ఆసుపత్రి బండి ఎక్కించాక నేనే కట్టాను. నువ్వు రెండు నెలలు పెట్టనన్నావు. నిన్ను చూసి నవ్వాను, నలుగురినీ నవ్వించాను. నీకు తెలిసింది, నాకు తెలియలేదు. నాది తప్పు చెల్లెమ్మా. తప్పు నాది."